గుండు సున్నా

మొదటి పాఠం: సున్నా చుట్టు.
అంతే. తెర నిండా తెల్లటి ఖాళీ, ఒక చుక్క.
వేలు అక్కడ పెట్టి, తిరిగి అక్కడికే రావాలి.
ఈ ఒక్క సున్నాకి నాకు పదకొండు నెలలు పట్టింది.

కొర్లగుంటలో మేడమీద రేకుల గది.
మధ్యాహ్నానికి ల్యాప్‌టాప్ నాకంటే ముందే సొమ్మసిల్లుతుంది.
కోడ్ రాసేదాన్నీ నేనే, బొమ్మలేసేదాన్నీ నేనే,
'బాగుంది, ఇంకోసారి' అనే గొంతూ నాదే.
అర్ధరాత్రి ఫ్యాను ఆపి, దుప్పటి ముసుగులో రికార్డు చేసింది.
కలిసి మొదలుపెట్టిన రిహానా
శ్రీసిటీలో ఉద్యోగానికి పోతూ
తన స్టైలస్ నాకు వదిలిపోయింది.
రాబడి ఎంతని ఎవరైనా అడిగితే
మొదటి పాఠం తీసి చూపిస్తాను.

మార్కుల లెక్క నేను కట్టిందే.
నడిమి నుంచి అంచుకి దూరం ఎక్కడ మారిందో కొలిచి
నూటికి ఇన్ని.
తొంభై దాటితే గంట మోగుతుంది, రెండో పాఠం తలుపు తెరుచుకుంటుంది.
ఇంటర్ పిల్లలకిచ్చి చూశాను. ముప్పై ఎనిమిది. నలభై ఒకటి.
ఒకడు టీ గ్లాసు బోర్లించి దాని చుట్టూ గీశాడు.
తొంభై ఆరు. గంట మోగింది.
ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కింది వాటాలో మునిశేఖరు.
కొండమీద కల్యాణకట్టలో రాత్రి డ్యూటీ.
తెల్లారి బస్సు దిగి వస్తాడు,
చొక్కా మడతల్లో ఎవరెవరివో వెంట్రుకలు.
టీ తాగుతుంటే ట్యాబ్ చేతికిచ్చాను.
'నాకు బొమ్మలు రావు మా. బళ్లో కాకిని గీస్తే
ఇది చెప్పా అన్న్యాడు అయ్యవారు.'
'బొమ్మ కాదన్నా, సున్నా.'

వేలు పెట్టాడు. ఊపిరి బిగపట్టలేదు.
మణికట్టు కదల్లేదు, మోచేయి కదిలింది.
ఐదో పాఠంలో చెప్దామని నేను దాచుకున్న సంగతి అది.
ఒక్క చుట్టు. ఎత్తకుండా.

అరవై రెండు.

గీత వణకలేదు, తెగలేదు. గుండ్రంగా మాత్రం లేదు.
పైన కొంచెం చదును, వెనక చిన్న ఎత్తు,
చెవి ఉండాల్సిన చోట ఒక సొట్ట.
'ఇది సున్నా కాదు గదన్నా.'
'తల గదా మా. రాత్రి ఒక పిల్లోడిది, ధర్మవరం నుంచి వచ్చినారు.
ఏ తలా గుండ్రంగా ఉండదు.
గుండ్రం అనుకోని కత్తి పెడితే తెగతాది.'

వెనక్కి తీసుకునే బొత్తాం చూపించాను.
నొక్కాడు. గీత పోయింది. నవ్వాడు.
'మా పన్లో ఇదొకటి ఉండుంటే...' అని
చూపుడువేలి మీద పాత గాటు రుద్దుకున్నాడు.

ఆ పూటే మార్కుల లెక్క తీసేశాను, నాలుగొందల వరసలు.
గంట మోగడం మానేసింది. తలుపు తెరుచుకోవడం మానేసింది.
ఆట ఆటలా లేకుండా పోయి
మూడు రోజులు అట్లాగే పడుంది.

చిన్నప్పుడు మా మేనత్త పలక మీద 'ఠ' రాసిచ్చి దిద్దమనేది.
దిద్దడమంటే గీసిందాని మీదే మళ్ళీ గీయడం.
దిద్దడమంటే తప్పు సరిచేయడం కూడా.
ఒక్క మాటకి రెండు పనులెందుకో
బలపం అరిగిపోయేదాకా దిద్దినా తట్టలేదు.

ఇప్పుడు సున్నా చుడితే పాత సున్నా చెరిగిపోదు,
కింద లేతగా ఉంటుంది. దాని మీద ఇంకోటి. ఇంకోటి.
ఇరవై చుట్లయ్యాక ఆట ఒక్కటే అడుగుతుంది,
నా గొంతుతో, దుప్పటి లోపల్నుంచి:
ఇది ఎవరి తల?

నిన్న మునిశేఖరు తనే అడిగి తీసుకున్నాడు.
టీ చల్లారిపోయింది. పదహారు తలలు గీశాడు.
ఒక్కదానికీ ముఖం లేదు.
'ముఖాలు మాకేడ కనపడతాయి మా,
అందరూ తల వంచుకోనే గదా కూర్చునేది.'

రెండో పాఠం ముఖం అనుకున్నాను ఇన్నాళ్లూ.
ఇప్పుడు మెడ అనుకుంటున్నాను.